డస్టర్ ఏడబ్ల్యూడీ పని: వెనక బీమ్ పోయింది, సబ్‌ఫ్రేమ్ కూర్చుంది

కావలి షెడ్డులో ఉన్న 2013 రెనో డీజిల్ డస్టర్‌ను ఏడబ్ల్యూడీగా, అంటే నాలుగు చక్రాలకూ డ్రైవ్ అందేలా మార్చే పని ముఖ్యమైన మెట్టు దాటింది. ముందు చక్రాలకే డ్రైవ్ ఉన్న బండి కింద ఇప్పుడు డిఫరెన్షియల్ (రెండు వెనక చక్రాలకూ డ్రైవ్ పంచే గేర్ల డబ్బా), దాన్ని మోసే సబ్‌ఫ్రేమ్ అనే ఇనుప చట్రం, రెండు వైపులా చక్రాలను పట్టుకునే ఆర్మ్‌లు ఉన్నాయి. వెనక్కి డ్రైవ్ పంపే ఆరు గేర్ల బాక్స్ ముందే ఎక్కించాం. ఈసారి రాసేదంతా వెనక సస్పెన్షన్ గురించే.

చూడ్డానికి వచ్చినవాళ్ళంతా అడిగేది ఒకటే: ఉన్న యాక్సిల్‌కే డిఫరెన్షియల్ తగిలించకూడదా అని. కుదరదు. మామూలు డస్టర్‌కు వెనక ఉండేది టార్షన్ బీమ్. రెండు ఆర్మ్‌లను కలుపుతూ, కొద్దిగా మెలి తిరిగే అడ్డ దూలం అది. చక్రాలు ఎగిరినప్పుడల్లా అదీ కదులుతుంది. డిఫరెన్షియల్, దానికి ముందునుంచి డ్రైవ్ తెచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ ఉండాల్సిన చోటు సరిగ్గా అదే. పైగా చక్రం తిరిగేది ఆర్మ్‌కు బిగించిన స్టబ్ యాక్సిల్ అనే పొట్టి ఇరుసు మీద. దాని మధ్యలోంచి డ్రైవ్ షాఫ్ట్ దూర్చే దారి లేదు. అందుకే 2014లో మన దేశంలో ఏడబ్ల్యూడీ డస్టర్ వచ్చినప్పుడు రెనో కూడా బీమ్ వదిలేసి, వెనక ఇండిపెండెంట్ మల్టీలింక్ (ఒక్కో చక్రం దేనికది కదిలేలా పలు ఆర్మ్‌లతో పట్టే సస్పెన్షన్) పెట్టింది. మేమూ ఆ సెట్టే చెన్నై పుదుపేటలో పాత సామాన్ల కొట్లన్నీ తిరిగి తెచ్చాం. విడి భాగాలుగా కాకుండా నేల రేకు, లోపలి వీల్ ఆర్చ్‌లతో కలిపి కోసిన ముక్కగా తీసుకున్నాం.

ఆ రేకు ఎందుకంటే, బరువు బాడీలోకి వెళ్ళే దారి మారిపోతుంది. బీమ్ ఉన్న బండిలో స్ప్రింగ్ వేరు, షాకబ్జర్ వేరు. స్ప్రింగ్ బరువు బాడీ అడుగున పొడవునా ఉండే దూలం (సైడ్ మెంబర్) కింద పడుతుంది, షాకబ్జర్ పైకొనకు ఊపును ఆపే బలం మాత్రమే తగులుతుంది. ఏడబ్ల్యూడీలో స్ప్రింగ్ షాకబ్జర్ మీదే కూర్చుంటుంది. ఖాళీ బండికే ఒక్కో వెనక చక్రం మీద సుమారు 250 కిలోలు ఉంటాయి. గుంటలో పడితే అంతకు రెండు మూడింతలు అవుతుంది. అదంతా ఇప్పుడు షాకబ్జర్ పై మౌంట్ దగ్గరికే చేరుతుంది. పాత రేకుకు బోల్టు రంధ్రాలు పెట్టి సరిపెడితే అక్కడ చీలిక రావడం ఖాయం. బండి పొడవునా సాగే పొడుగు ఆర్మ్ ముందు బ్రాకెట్ సంగతీ అంతే. ఇదివరకు దానికి బ్రేక్ లాగుడే తెలుసు, ఇకమీదట బండిని ముందుకు తోసే బలం కూడా అక్కడినుంచే బాడీకి అందాలి.

కోత మొదలుపెట్టే ముందు టింకరింగ్ మేస్త్రీ ఒక్క మాటన్నాడు: "అట్టా కొయ్యబాకన్నా, ముందు డోర్లకు అడ్డకడ్డీలు కొట్టాల. లేకుంటే బాడీ కూలబడిపోతాది." ఆయన మాట బంగారం. స్క్వేర్ పైపులతో డోర్ల ఖాళీలను బిగించి, బ్యాటరీ వైర్లు పీకి, డీజిల్ ట్యాంకు దించాకే గ్రైండర్ పట్టాం. కొత్త ముక్కను వెంటనే పూర్తిగా అతికించలేదు. టాకాలు (అక్కడక్కడ చిన్న వెల్డింగ్ చుక్కలు) మాత్రమే వేసి, గోడ కట్టే మేస్త్రీ వాడే గుండు దారంతో సబ్‌ఫ్రేమ్ బోల్టులను నేల మీదకి దించి గుర్తులు పెట్టాం. ఆ గుర్తుల నుంచి ముందు సస్పెన్షన్ గుర్తులకు ఐమూలగా రెండు వైపులా కొలిచి, తేడా 2 మిల్లీమీటర్లకు తగ్గాకే సీవోటూ వెల్డింగ్ నడిపాం. అదీ ఒకే చోట కాకుండా అటు కొంత, ఇటు కొంత, రేకు చల్లారనిస్తూ. ఈ కొలతలకు పట్టిన ఓపికే మొత్తం పనిలో నాకు అన్నిటికన్నా తృప్తినిచ్చింది. వెల్డింగ్ మీద జింక్ ప్రైమర్, అతుకుల్లో సీలెంట్ తప్పనిసరి. మన సముద్రపు ఉప్పుగాలికి వట్టి ఇనుము నిలవదు.

ఆర్మ్‌ల కొనల్లో ఉండే రబ్బర్ బుష్‌లను జాకీ మీద బండి వేలాడుతున్నప్పుడు బిగించకూడదు. ఆ రబ్బర్ లోపలి గొట్టానికి అతుక్కుని ఉంటుంది. వేలాడినప్పుడు బిగిస్తే, చక్రం నేలకు ఆనినంతసేపూ మెలితిరిగే ఉండి త్వరగా చిరుగుతుంది. చక్రం కింద జాకీ పెట్టి, బండి మామూలుగా నిలిచే ఎత్తుకు లేపి అప్పుడు బోల్టులను టార్క్ రెంచితో చివరి బిగువు బిగించాలి. స్ప్రింగ్ లేకుండా చక్రాన్ని పై హద్దు నుంచి కింది హద్దు వరకు ఆడించి, డ్రైవ్ షాఫ్ట్ లోపలి జాయింట్ ఎక్కడా అడుక్కి తగలడం లేదని, ఊడేంత బయటికి రావడం లేదని కూడా చూసుకున్నాం.

బీమ్‌లో టో, అంటే పైనుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం, మార్చుకునే వీలుండదు. ఇందులో అడ్డ ఆర్మ్ దగ్గర ఎక్సెంట్రిక్ బోల్టు (తిప్పితే ఆర్మ్‌ను కొద్దిగా జరిపే బోల్టు) ఉంది. బండి పక్కన దారాలు లాగి మొదటి సెట్టింగ్ చేశాం. 16 అంగుళాల రిమ్ ముందు అంచుకూ వెనక అంచుకూ 2 మిల్లీమీటర్ల తేడా అంటే పావు డిగ్రీ దాకా వస్తుంది, కాబట్టి దారం సన్నగా, బిగువుగా ఉండాలి. రెండు చక్రాలకూ టో సమానంగా లేకపోతే స్టీరింగ్ నిటారుగా ఉన్నా బండి ఎండ్రకాయలా పక్కకి నడుస్తుంది.

బ్రేకులతో పెద్ద పని పడలేదు. కొత్త హబ్‌లతో వచ్చిన డ్రమ్ములే ఉంచి, హోస్‌లు, హ్యాండ్‌బ్రేక్ కేబుల్ మార్చాం.

ఈ బండి రోడ్డు మీదకి రాదు. ఆర్‌సీలో ఉన్న వివరాలకు, కంపెనీ ఇచ్చిన దానికి భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది, సుప్రీంకోర్టు 2019లో అదే ఖాయం చేసింది. ఇస్కపల్లి దగ్గర మా బావ రొయ్యల గుంటల గట్ల మీద, సరుగుడు తోట ఇసకలో మేత బస్తాలు మోయడానికే ఇది.

ఇక మిగిలింది మధ్యలో షాఫ్ట్‌కు సందు ఉన్న డీజిల్ ట్యాంకు, సైలెన్సర్ పైపు దారి, ప్రొపెల్లర్ షాఫ్ట్. షాఫ్ట్ పొడవు కొలిచేది ఇంజిన్, డిఫరెన్షియల్ రెండూ తమ రబ్బర్ మౌంట్ల మీద పూర్తిగా బిగించి, బండి నాలుగు చక్రాల మీద నిలబడ్డాకే. ఆ కొలత తీసుకుని నెల్లూరు లేత్‌కు వెళ్తాం. బ్యాలెన్సింగ్ కూడా అక్కడే చేయించాలి.