టీవీకి తలుపులు పెట్టించిన వైనం

మా హాల్లో ఎక్కడ కూర్చున్నా ముందు కంటికి తగిలేది ఆ 55 అంగుళాల నల్లటి తెరే. రోజులో ఎక్కువసేపు అది ఆఫ్‌లోనే ఉంటుంది, అయినా గోడంతా తనదే అన్నట్టు ఉంటుంది. వాడనప్పుడు కనబడకుండా ఏదైనా చేయించాలని మా ఆవిడ ఎప్పటినుంచో అంటోంది. నాకు మొదట్లో పెద్ద పట్టింపు లేదు గానీ, టేపు పట్టుకుని కొలతలు తీయడం మొదలెట్టాక ఆ పిచ్చి నాకే ఎక్కువ పట్టుకుంది.

ముందుగా లిఫ్టు గురించి ఆలోచించాం. బటన్ నొక్కితే పొడవాటి పెట్టెలోంచి టీవీ మోటారు మీద పైకి లేస్తుంది. చూడ్డానికి భలే ఉంటుంది. కానీ మా టీవీ ఎత్తు స్టాండు లేకుండానే 71 సెంటీమీటర్లు. అది పూర్తిగా మునగాలంటే పెట్టె 80 దాటాలి. దాని పైకి లేచిన టీవీ మధ్యభాగం నేల నుంచి దాదాపు 120 దగ్గర ఉంటుంది. సోఫాలో కూర్చున్నవాళ్ల కళ్లు మీటరు ఎత్తుకు కాస్త అటూఇటూగా ఉంటాయి. రోజూ మెడ ఎత్తి చూడాలి, పైగా కరెంటు పోయినప్పుడు టీవీ ఎక్కడుంటే అక్కడే ఆగిపోతుంది. వద్దనుకున్నాం.

ఆఫ్‌లో ఉన్నప్పుడు పెయింటింగ్‌లా కనిపించే టీవీలు కూడా ఉన్నాయి. సామ్‌సంగ్ 2017లో తెచ్చిన ‘ది ఫ్రేమ్’ అలాంటిదే. నా దృష్టిలో అది దాచడం కాదు, వేషం మార్చడం. ఉన్న టీవీ బాగానే పనిచేస్తుండగా దానికోసం కొత్తది కొనడం కూడా నాకు నచ్చలేదు.

ఇక మిగిలింది తలుపులే. కార్పెంటర్ గోడ చూసి ఒకే మాటన్నాడు. “తలుపు పెట్టడం ఎంతసేపు సార్, తెరిచాక అది ఎక్కడికి పోవాలో చెప్పండి.” అసలు చిక్కంతా అక్కడే ఉంది. మామూలు కబ్జాలతో పెడితే, తెరిచిన తలుపులు రెండు వైపులా రెక్కల్లా ముందుకొచ్చి పక్క కుర్చీల్లోవాళ్లకి తెర అడ్డమవుతాయి. తలుపును తెరిచి పక్కనుంచి లోపలికి తోసేసే రకం ఉంది గానీ, దానికి తలుపు వెడల్పంత లోతు కావాలి. అంటే మాకు 70 సెంటీమీటర్ల పైనే. పాతకాలపు లావు టీవీలకి అంత లోతు ఎలాగూ ఉండేది, కాబట్టి ఆ పెట్టెలకి అది సరిపోయింది. అరచేతి మందం టీవీ కోసం అంత లోతు పెట్టె చేయించడం వృథా.

చివరికి పక్కకి జరిగే పలకలు ఖాయం చేశాం. మధ్యలో టీవీ, రెండు పక్కలా పుస్తకాల అరలు, ముందు రెండు పలకలు. మూస్తే టీవీ మాయమై పుస్తకాలు కనిపిస్తాయి, జరిపితే పుస్తకాలు దాక్కుంటాయి. దీనికి గోడ దాదాపు మూడు మీటర్లు కావాలి. అంత లేనివాళ్లకి మడతపడే తలుపులే నయం. పలకలు 18 మి.మీ. ఎండీఎఫ్‌తో (చెక్కపొట్టు అదిమి చేసే బోర్డు) చేస్తే ఒక్కోటి తొమ్మిది పది కిలోలు తూగుతుంది. పలకలు జరిగే పట్టా, అంటే ఛానెల్, కింద వేస్తే దుమ్ము చేరి పట్టేస్తుందని పైనుంచి వేలాడే రకం వేయించాం.

వేడి విషయంలో మాత్రం నేను పట్టుబట్టాను. టీవీ చుట్టూ 10 సెంటీమీటర్ల ఖాళీ, వెనక పలకకి కిందా పైనా పొడవాటి చీలికలు. కింద చల్లగాలి చొరబడితే వేడిగాలి పైనుంచి దానంతటదే పోతుంది. తలుపులు తీసే కదా టీవీ చూస్తాం అనుకోవచ్చు. మా అబ్బాయి ఫోన్లోంచి వీడియో పంపితే తలుపులు మూసి ఉండగానే టీవీ ఆన్ అయిపోతుంది. పుస్తకాల మధ్యనుంచి ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపిస్తే గానీ తెలీదు.

సెట్‌టాప్ బాక్స్ కింది అరలో పెట్టాం. ఇన్‌ఫ్రారెడ్ రిమోట్ సిగ్నల్ చెక్కని దాటదు. బ్లూటూత్ రిమోట్‌కి ఆ బాధ లేదు గానీ మా బాక్సుది పాతరకం. అందుకని ఆ అర తలుపుకి చెక్క బదులు జాలీ వేయించాం. సౌండ్‌బార్ అసలు లోపల పెట్టలేదు, బయట అర మీదే ఉంది. అది కూడా దాచమని మా ఆవిడ అడిగింది. అన్నీ దాచేస్తే శబ్దం దుప్పటి కప్పుకున్నట్టు వస్తుందని ఒప్పించడానికి కాస్త టైమ్ పట్టింది.

ఇంకొక్క మాట: ప్లగ్ పాయింటు టీవీ వెనక కాకుండా పక్కకి పెట్టించుకోండి. ప్లగ్ మందానికి టీవీ ముందుకొచ్చిందంటే జరిగే పలక తెరకి రాసుకుంటుంది. హెచ్‌డీఎమ్ఐ వైరు మార్చుకోవడానికి పుస్తకాల అర వెనక స్క్రూలు తీస్తే ఊడే చిన్న పలక ఒకటి పెట్టమని కార్పెంటర్‌కి ముందే చెప్పండి, తర్వాత చెబితే మొత్తం విప్పాలి.