సెల్ఫ్ మోటారు మరమ్మతు: ఇప్పటిదాకా జరిగిన పని

2008 నాటి నా 150 సీసీ బండికి ఈ వేసవి మొదలైనప్పటి నుంచి సెల్ఫ్ మీద నమ్మకం పోయింది. బటన్ నొక్కితే ఒకసారి ఇంజను మామూలుగా తిరుగుతుంది, మరొకసారి సైడు ప్యానెల్ వెనుక రిలే (బటన్ నొక్కగానే మోటారుకు పెద్ద కరెంటును కలిపే స్విచ్) ‘టిక్’మని ఒక్క శబ్దం చేసి ఊరుకుంటుంది. కిక్ కొడితే మాత్రం మొదటి దెబ్బకే స్టార్టవుతుంది కాబట్టి ప్లగ్గుకూ కార్బురేటరుకూ ఈ జబ్బుతో సంబంధం లేదు. ఇటువంటి ఫిర్యాదు చెప్పగానే సాధారణంగా ముందు బ్యాటరీ, ఆపైన రిలే, చివరికి మోటారు మొత్తం మార్చమని సలహా వస్తుంది. ఆ వరుసలో వెళితే ఎక్కడో ఒకచోట జబ్బు తగ్గుతుంది గానీ అప్పటికి పాత బండి విలువలో మంచి భాగం సామాన్లకే పోతుంది. అందువల్ల మల్టీమీటరు పెట్టి కొలవకుండా ఏ సామానూ కొనకూడదన్న నియమంతో ఈ పని మొదలుపెట్టాను.

మీటరు కంటే ముందు చెవి పనికివస్తుంది. రిలే ‘టకటకటక’మని ఆగకుండా కొట్టుకుంటే సాధారణంగా బ్యాటరీ నీరసించిందనో, దాని టెర్మినల్ వదులైందనో అనుకోవాలి. ఒక్కసారే గట్టిగా ‘టిక్’మని ఆగిపోతే బటన్, క్లచ్ స్విచ్, కిల్ స్విచ్ మూడూ తమ పని చేసినట్టే, ఎందుకంటే అవి మోసేది రిలే కాయిలుకు చాలినంత చిన్న కరెంటు మాత్రమే. అసలు పెద్ద కరెంటు బ్యాటరీ నుంచి లావుపాటి వైరు గుండా రిలే లోపలి రాగి బిళ్లను దాటి మోటారుకు చేరి, ఇంజను ఒంటి మీదుగా తిరిగి బ్యాటరీ నెగెటివుకు వస్తుంది. లోపం ఈ రెండో దారిలోనే ఉండాలి. హెడ్‌లైటు తెల్లగా వెలుగుతోంది కాబట్టి బ్యాటరీ భేషుగ్గా ఉందని చాలామంది అంటారు. నా బండి వంటి పాత బండ్లలో హెడ్‌లైటు నేరుగా మాగ్నెట్ కాయిలు నుంచి వెలుగుతుంది కనుక దానినిబట్టి బ్యాటరీ సంగతి ఏమీ తెలియదు. బ్యాటరీతో నడిచే హారను, ఇండికేటర్లు కొంత నయం.

బ్యాటరీ 12 వోల్టులు, 9 ఆంపియర్ అవర్. రాత్రంతా విశ్రాంతిగా ఉంచి ఉదయం కొలిస్తే 12.6 వోల్టులు చూపింది, అంటే నిండుగా ఛార్జి ఉంది. బండిని న్యూట్రల్‌లో పెట్టి, మీటరు ముళ్లను బ్యాటరీ టెర్మినళ్ల మీదే ఉంచి బటన్ నొక్కాను. ‘టిక్’మని ఊరుకున్న సమయంలో మీటరు 12.4 దగ్గరే నిలిచింది. నా దృష్టిలో ఈ పని మొత్తంలో అన్నిటికంటే విలువైన కొలత ఇదే. బ్యాటరీ నీరసమైతే ఆ క్షణంలో వోల్టేజి 9 కిందికి జారిపోయేది. మోటారు బిగుసుకుపోయి ఉన్నా కరెంటు విపరీతంగా లాగి అలాగే పడేసేది. దాదాపు ఏమీ పడలేదంటే కరెంటు ప్రవహించనే లేదు, దారి ఎక్కడో తెగి ఉంది. బటన్ నొక్కే ఉంచి రిలే రెండు పెద్ద బోల్టుల మధ్య కొలిస్తే సున్నా వచ్చింది, అంటే రిలే లోపల బిళ్ల సక్రమంగా అంటుకుంటోంది. మోటారు బోల్టుకూ మోటారు ఒంటికీ మధ్య 12.3 వచ్చింది. మోటారు గుమ్మం దాకా వోల్టేజి నిండుగా వచ్చినా మోటారు దానిని తీసుకోవడం లేదు. స్క్రూడ్రైవరు పిడితో మోటారు మీద మెల్లగా తట్టి మళ్లీ నొక్కితే ఇంజను తిరిగింది. తడితే పనిచేసే మోటారులో కార్బన్లు (తిరిగే భాగానికి కరెంటు అందించే బొగ్గు ముక్కలు) కమ్యుటేటరును (అవి ఆనే రాగి పలకల చుట్టును) సరిగా తాకడం లేదని దాదాపు తీర్మానించవచ్చు.

తరువాతి ఆదివారం మోటారు విప్పాను. ముందు బ్యాటరీ నెగెటివు తీయాలి, బిగించేటప్పుడు దానిని చివర పెట్టాలి. పాజిటివు ముందు విప్పితే స్పానరు ఛాసిస్‌కు తగిలి మంటలు రేగే ప్రమాదం ఉంది. మోటారును పట్టి ఉంచేవి రెండు బోల్టులే, 10 నంబరు స్పానరుతో వచ్చాయి. పక్కలకు కొద్దికొద్దిగా ఆడిస్తూ లాగితే, ఆయిలు కారకుండా ఆపే ‘ఓ రింగు’ అనే రబ్బరు వలయంతో సహా బయటికి వచ్చింది. మూతలు తీయడానికి ముందు మూతకూ ఒంటికీ కలిపి ఒక గీత గీసుకోవడం, ఇరుసు మీది వాషర్లు ఏ వైపువి ఏ వరుసలో ఉన్నాయో ఫోటో తీసుకోవడం తప్పనిసరి. ఆ పలుచని వాషర్లు మారితే ఆర్మేచరు (మోటారు లోపల తిరిగే, తీగ చుట్టిన భాగం) ముందుకో వెనక్కో జరిగి రాసుకుంటుంది.

మూత తీయగానే కారణం కంటికి కనిపించింది. ఇంజను వైపు ఆయిల్ సీలు ఎండి గట్టిపడి, దాని అంచు నుంచి ఆయిలు కొద్దికొద్దిగా లోపలికి దిగి, అరిగిన కార్బను పొడితో కలిసి కాటుకలాంటి ముద్దగా మారింది. వెర్నియరుతో చూస్తే కార్బన్ల పొడవు ఇంకా 7 మిల్లీమీటర్లు ఉంది. అయితే ఒకటి తన గూట్లో ఆ ముద్దకు అతుక్కుని, వేలితో నొక్కినా స్ప్రింగు వెనక్కి నెట్టలేనంతగా ఇరుక్కుపోయింది. ఇక్కడ కొత్త కార్బన్లు మాత్రమే వేసి మూసేస్తే కొన్ని నెలలు బాగా నడిచి మళ్లీ ఇదే కథ మొదలవుతుంది. మార్చవలసింది ముందుగా సీలు. పాతవి విప్పాను కాబట్టి కార్బన్ల ప్లేటు కూడా కొత్తది తెచ్చాను. ప్లేటు, సీలు, ఓ రింగు కలిపి 350 రూపాయల లోపే అయింది.

కమ్యుటేటరు నల్లబడింది గానీ గుంటలు పడలేదు. 600 నంబరు గరుకు కాగితాన్ని పట్టీలా కత్తిరించి దాని చుట్టూ తిప్పుతూ రాగి రంగు తేలే వరకు రుద్దాను. ఇనుముకు వాడే ఎమరీ గుడ్డ దీనికి పనికిరాదు, దాని రేణువులు రాగి పలకల మధ్య చిక్కుకుంటాయి. పలకల మధ్య సందులలో పేరుకున్న పొడిని విరిగిన హాక్సా బ్లేడు ముక్కతో గీకి, బ్రష్షుతో దులిపాను. ఆర్మేచరును పెట్రోలులో ముంచి కడగడం నాకు ఇష్టం లేదు, వైండింగు మీది వార్నిష్ మెత్తబడవచ్చు. కాంటాక్ట్ క్లీనరు చల్లి ఆరబెట్టడం చాలు.

పలకకూ పక్క పలకకూ కంటిన్యుటీ (కరెంటు పారే దారి) ఉండాలి, ఏ పలకకూ ఇరుసుకూ ఉండకూడదు. ఈ రెండూ మీటరుతో సరిపోయాయి. కానీ మీటరు తన చిన్న బ్యాటరీతో చేసే పరీక్ష ఇన్సులేషన్ బలహీనతను పట్టలేదు. అందుకని ఆర్మేచరును అనంతపురం పాతూరులో బోరు మోటార్లకు వైండింగు చేసే ఒక దుకాణానికి తీసుకువెళ్లాను. బోర్ల మీద బతికే ఈ ప్రాంతంలో అటువంటి పనివాళ్లకు కొదవ లేదు. ఆయన సిరీస్ ల్యాంపు (కరెంటు దారి ఉంటే వెలిగేలా బల్బు కలిపిన పరీక్ష తీగలు) ఒక తీగను ఇరుసుకు ఆనించి, రెండో దానిని ఒక్కొక్క పలక మీదుగా జరుపుతూ పోయాడు. బల్బు ఎక్కడా మినుకుమనలేదు. “వైండింగుకు ఏమీ కాలేదు సార్, ఇంగా పదేండ్లు తిరుగుతాది. సీలు మాత్రం మంచిది ఏపిచ్చండి” అన్నాడు. ఈ పరీక్ష నేరుగా ఇంటి కరెంటుతో చేసేది కాబట్టి అలవాటు లేనివారు ఇంట్లో ప్రయత్నించకూడదు.

తిరిగి బిగించడంలో రెండు ఇబ్బందులున్నాయి. మొదటిది, స్ప్రింగులు కార్బన్లను ముందుకు తోస్తుంటే కమ్యుటేటరు వాటి మధ్య దూరదు. ఒక్కొక్క కార్బనును వెనక్కి లాగి సన్నని రాగి తీగతో కట్టి, కూర్చున్నాక తీగను లాగేశాను. రెండవది, మోటారు ఒంట్లోని అయస్కాంతాలు ఆర్మేచరును ఒక్క ఉదుటున లాక్కుంటాయి, కాబట్టి ఇరుసు చివరను గట్టిగా పట్టుకుని దించాలి, వేళ్లు జాగ్రత్త. ఓ రింగుకు కాస్త ఇంజను ఆయిలు రాశాను. మోటారు ఇంజనుకు ఆనే ముఖం మీద గమ్ము గానీ పెయింటు గానీ ఉండకూడదు, ఎందుకంటే మోటారుకు ఎర్త్ అందేది ఆ ముఖం గుండానే.

బిగించాక నొక్కిన ప్రతిసారీ మోటారు తిరిగింది, కానీ బరువుగా తిరిగింది. ఈ రెండో లోపం ఇంతకాలం మొదటిదాని చాటున దాగి ఉంది. బటన్ నొక్కి మోటారుతో ఇంజను తిరుగుతుండగా బ్యాటరీ దగ్గర 10.9 వోల్టులు ఉంటే, బ్యాటరీ నెగెటివుకూ మోటారు ఒంటికీ మధ్యనే 1.3 వోల్టులు పోతున్నాయి. డ్రిప్ ఫిల్టరుకు ఇరువైపులా గేజీలు చూసే రైతుకు ఇది వెంటనే అర్థమవుతుంది: వాల్వు కట్టేసి ఉన్నంతసేపు రెండు గేజీలూ ఒకటే చూపుతాయి, నీరు పారినప్పుడే ఫిల్టరులోని పూడిక బయటపడుతుంది. మోటారు కరెంటు 50 ఆంపియర్లు అనుకుంటే 1.3 వోల్టుల నష్టానికి 0.026 ఓము చాలు. మామూలు మీటరు ముళ్ల నిరోధమే అంతకంటే ఎక్కువ కాబట్టి ఓము మీద పెట్టి వెతికితే ఇది ఎన్నటికీ దొరకదు. ఇంజను నుంచి ఛాసిస్‌కు వచ్చే ఎర్త్ వైరు బోల్టు మీద చేయి వేస్తే వెచ్చగా తగిలింది. దానిని విప్పి, లగ్గు (వైరు చివరి లోహపు రింగు) కింది తుప్పునూ ఎర్రమట్టి దుమ్మునూ లోహం మెరిసే వరకు గీకి, బిగించిన తరువాత పైన పెట్రోలియం జెల్లీ పూశాను. నష్టం 0.1 వోల్టుకు దిగింది, మోటారు శబ్దం మారిపోయింది.

బుక్కరాయసముద్రం చెరువు దాకా మధ్యాహ్నం ఎండలో నడిపి, ఇంజను బాగా వేడెక్కాక ఆపి, మధ్య మధ్య విరామం ఇస్తూ పలుమార్లు స్టార్టు చేశాను. ఒక్కసారి కూడా మొండికేయలేదు. ఒక విడత 5 సెకన్లకు మించి బటన్ నొక్కి ఉంచలేదు. ఇంజను రేజ్ చేసి కొలిస్తే బ్యాటరీ మీద 14.2 వోల్టులు వస్తున్నాయి కాబట్టి ఛార్జింగుకు లోటు లేదు. రిలే పాతదే ఉంది. మిగిలిన పని బటన్ దగ్గరి స్విచ్ పెట్టెను విప్పి దుమ్ము తుడవడం, వచ్చే నెల ఎర్త్ బోల్టు దగ్గర నష్టాన్ని మరోసారి కొలిచి 0.2 దాటిందేమో చూసుకోవడం.