ఫోను వంటింట్లోనే ఉంచాం

మా పచ్చళ్ల వ్యాపారం ఫోను, మామిడికాయ ముక్కలు కొట్టే గదిలో, కిటికీ పక్కనే ఉంటుంది. ఒక్క ఏడాది మాత్రం దాన్ని బయటివాళ్ల చేతికి అప్పగించాను. ఇంటి నుంచి ఇలాంటి పని మొదలుపెట్టినవాళ్లు నన్ను తరచూ అడిగేది ఆ సంగతే: మనుషుల్ని ఎప్పుడు పెంచాలి, ఏ పని బయటికి ఇవ్వాలి అని. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

2018 వేసవిలో అత్తయ్య పెట్టిన ఆవకాయతో మొదలుపెట్టాం. ఉండేది విజయవాడలో కాబట్టి నున్న మామిడి మార్కెట్టు దగ్గరే. మొదటి ఏడాది 60 కిలోలు పెట్టి తెలిసినవాళ్లకే అమ్మాం. ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ తేలిగ్గానే అయింది. ఏడాదికి 12 లక్షల లోపు అమ్మకాలున్న చిన్నవాళ్లకు అప్పట్లో రుసుము ఏటా 100 రూపాయలే. నాకు తెలియనిది జీఎస్టీ సంగతి. అమ్మకం కొద్దిగానే ఉంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదనుకున్నాను. కానీ సరుకు రాష్ట్రం దాటితే ఆ మినహాయింపు వర్తించదు. మా కొనుగోలుదారుల్లో సగం మంది హైదరాబాదువాళ్లే. మనసులో అది మన ఊరే అయినా, లెక్కల్లో వేరే రాష్ట్రం. మొదటి పార్శిలు పంపకముందే ఆడిటరు ఈ మాట చెప్పబట్టి సరిపోయింది.

నాలుగో ఏటికి ఐదుగురం అయ్యాం. కలపడం అత్తయ్యది, ముక్కలు కొట్టడం బాబాయిది, నూనె, కారం, ఆవపిండి కొనుగోళ్లు వదినవి. ప్యాకింగుకు మా వీధి అమ్మాయి వచ్చేది. లెక్కలూ ఆర్డర్లూ నేను చూసేదాన్ని. అమ్మకాలు పెరగాలంటే ప్రచారం కావాలని ఆ ఏడాది ఒక సంస్థను కుదుర్చుకున్నాను. ప్రకటనలతో పాటు ఫోన్లు కూడా వాళ్లే ఎత్తుతామన్నారు. పొద్దస్తమానం మోగే ఫోను చేతిలోంచి దిగిపోయిందని ప్రాణం హాయిగా అనిపించింది.

ప్రకటనలు జూన్ నెలాఖరులో ఊపందుకున్నాయి. అప్పటికి ఆవకాయ కాలం అయిపోయింది. వానలు పడ్డాక కాయలో పులుపూ గట్టిదనమూ తగ్గుతాయి. ఆ కాయతో పెడితే ముక్క నిలవదు. జాడీల్లో ఎంత ఉందో అంతే అమ్మాలి. తొమ్మిది రోజుల్లో ఆవకాయంతా అయిపోయింది. అటు ఫోను ఎత్తినవాళ్లు మాత్రం రెండు రోజుల్లో వస్తుందని మాట ఇస్తూనే ఉన్నారు. జాడీలు ఖాళీ అయ్యాయని వాళ్లకు ఎలా తెలుస్తుంది? నెలరోజుల పాటు డబ్బు తిప్పి పంపడమే నా పని అయింది. వాళ్లు మోసం చేయలేదు. వంటింటికి అంత దూరంలో కూర్చుని చేసే పని కాదది, అంతే.

అసలు నష్టం ఇంకొకటి. వారానికి ఒకసారి ఫిర్యాదుల పట్టీ వచ్చేది. అందులో చాలా వరసల్లో ‘డెలివరీ సమస్య’ అని రాసి ఉండేది. అది కొరియర్‌వాళ్ల తప్పనుకుని వదిలేశాను. ఆగస్టులో ఒక పార్శిలు తిరిగొచ్చింది. అట్టపెట్టె అడుగంతా నూనె. ప్యాకింగ్ అమ్మాయి పౌచి తీసి వెలుతురుకు పట్టి చూసింది. అతుకు మధ్యలో సన్నటి గీతలా నూనె దారి కనిపించింది. పచ్చడి నింపేటప్పుడు మూతి లోపలి అంచుకు నూనె అంటుకుంటే, మెషీను ఎంత వేడిగా నొక్కినా అక్కడ అతుకు పట్టదు. బయటికి బాగానే కనిపిస్తుంది, దారిలో బరువు పడగానే విడిపోతుంది.

మర్నాటి నుంచి పద్ధతి మార్చింది. వెడల్పు మూతి గరాటు పెట్టి నింపడం, అంచును లోపలా బయటా పొడిగుడ్డతో తుడవడం, అతికించాక ప్రతి పౌచినీ రాత్రంతా పాత న్యూస్‌పేపరు మీద పడుకోబెట్టి ఉంచడం. తెల్లారి కాగితం మీద జిడ్డు మరక ఉంటే ఆ పౌచి విప్పి మళ్లీ నింపాల్సిందే. నూనె కారిందన్న ఫిర్యాదులు ఆ నెలలోనే దాదాపు ఆగిపోయాయి. జూన్‌లో ఆ ఫోన్లు ఆమె చెవిన పడి ఉంటే ఈ మార్పు జూన్‌లోనే జరిగేది. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఫోను వెనక్కి తెచ్చుకున్నాం. పొద్దున వదిన, మధ్యాహ్నం నేను. పచ్చడి మాటైతే నేరుగా అత్తయ్యకే ఇస్తాం. పుణె నుంచి ఒకావిడ ముక్క మెత్తబడిందని ఫోను చేసింది. అత్తయ్య క్షమాపణతో మొదలుపెట్టలేదు, ‘జాడీలోకి తీసుకున్నావా అమ్మా, ముక్క మునిగేలా పైన నూనె ఉందా?’ అని అడిగింది. లేదు, పౌచిలోంచే చెంచాతో తింటున్నామందామె. అలాంటివాళ్లు ఎందరో ఉన్నారని తర్వాత ఫోన్లలో తెలిసింది. ఇద్దరే ఉండే ఇళ్లు, జాడీ అన్నదే లేని ఇళ్లు. వాళ్లకోసం 250 గ్రాముల ప్యాకెట్టు తెచ్చాం. ఇవాళ అన్నిటికంటే ఎక్కువ వెళ్లేది అదే.

డబ్బు మాట కూడా చెప్పాలి. ఆవకాయకు పెట్టుబడంతా ఆరు వారాల్లో పెట్టేయాలి. కాయలు, నువ్వుల నూనె, గుంటూరు మిర్చి, అన్నీ ఒక్కసారే. తిరిగి రావడానికి పదకొండు నెలలు పడుతుంది. మనుషుల్ని పెంచుదామనుకున్న ప్రతిసారీ నన్ను ఆపింది ఇదే. దీనికి రెండు పనులు చేశాం. పాతవాళ్లకు మార్చిలోనే ఫోను చేసి సగం డబ్బుతో ఆర్డరు తీసుకోవడం ఒకటి. ఏడాదంతా పని ఉండేలా పచ్చళ్లు మార్చుకోవడం రెండోది: కార్తికంలో ఉసిరి, ఆ తర్వాత చింతకాయ, సంక్రాంతి దాటాక పండుమిర్చి, మధ్యమధ్య గోంగూర. నా దృష్టిలో మేము నిజంగా పెరిగింది అప్పుడే. ఐదుగురికీ పన్నెండు నెలలూ జీతం వెళ్లింది. అంతకుముందు వేసవి అయిపోగానే బాబాయి వేరే పని వెతుక్కునేవాడు, మరుసటి ఏడు వస్తాడో రాడోనని గుబులుగా ఉండేది.

కేంద్రం 2020లో తెచ్చిన చిన్న ఆహార పరిశ్రమల పథకం కింద అప్పు తీసుకుని పిండిమర, కొత్త సీలింగ్ మెషీను కొన్నాం. ఖర్చులో 35 శాతం, 10 లక్షలు మించకుండా అప్పట్లో రాయితీ ఇచ్చేవారు. కాగితాలకు ఓపిక కావాలి గాని ఇలాంటి పథకం ఉన్నప్పుడు అర్హత ఉన్నవాళ్లు వదులుకోకూడదు.

పోయిన ఏడాది 1,100 కిలోలు పెట్టాం. ఇప్పుడు ఏడుగురం. ప్రకటనలు మళ్లీ ఇస్తున్నాం, కానీ ఎప్పుడు ఆపాలో చెప్పేది ప్యాకింగ్ అమ్మాయే. రోజుకు ఎన్ని పౌచులు కాగితం మీద పడుకోబెట్టగలదో పొద్దున్నే గది తలుపు మీద సుద్దముక్కతో రాస్తుంది. నిన్న 90 అని రాసింది. తొంభయ్యో ఆర్డరు రాగానే ఫోను ఎత్తి, మిగతావాళ్లకు ఎల్లుండి పంపుతామని తనే చెప్పింది.