పెళ్లిగుర్రం తోక కింద నల్లని గడ్డలు

మొన్న మాఘమాసంలో మా మేనల్లుడి పెళ్లి ఊరేగింపు దిల్‌సుఖ్‌నగర్‌లో ఫంక్షన్ హాలుకు ఫర్లాంగు దూరంలో గంటసేపు ఆగిపోయింది. బ్యాండు వారి జనరేటర్ బండి ట్రాఫిక్‌లో చిక్కుకోవడంతో పెళ్లికొడుకును దింపి కుర్చీలో కూర్చోబెట్టారు. ఆ గంటసేపూ నేను గుర్రం చుట్టూ తిరిగాను. పాతబస్తీ నుంచి తెచ్చిన తెల్లని ఆడగుర్రం అది. ఈగలను తోలుకోవడానికి తోక విసిరినప్పుడల్లా, తోక అడుగున వెంట్రుకలు లేని చోట, ద్రాక్షపండ్లంత గడ్డలు నాలుగైదు కనిపించాయి. అక్కడి చర్మమే బొగ్గులా ఉంది, గడ్డలు అంతకన్నా నలుపు.

“చాచా, ఇవేమిటి?” అని కళ్లెం పట్టుకున్న పెద్దాయనను అడిగాను.

“పులిపిర్లు సార్. దీనికి పద్దెనిమిదేళ్లు. ముసలితనంలో వస్తాయి, ఏం చెయ్యవు” అన్నారాయన.

డిగ్రీ విద్యార్థులకు ఏళ్ల తరబడి జన్యుశాస్త్రం చెబుతున్న నాకు ఆ మాట ఇంటికి వచ్చాక కూడా మనసులోంచి పోలేదు. అవి పులిపిర్లు కావు. చూసినంతవరకు అవి మెలనోమాలు, అంటే చర్మానికి రంగునిచ్చే మెలనోసైట్ కణాలు అదుపు తప్పి పెరగడం వల్ల ఏర్పడిన కణితులు. పైగా ఆ గుర్రాన్ని బారాత్‌కు పనికొచ్చేలా చేసిన తెలుపు, ఆ నల్లని గడ్డలు, రెండూ ఒకే మార్పు నుంచి పుట్టాయి.

బారాత్‌లో మనం చూసే తెల్ల గుర్రాల్లో చాలావరకు పుట్టుకతో తెల్లనివి కావు. నల్లగానో, ఎర్రగానో పుట్టి, ఏటేటా వెంట్రుకలు నెరిసి, ఆరేడేళ్లకు పాలరంగుకు వస్తాయి. గుర్రాల వాళ్లు వీటిని గ్రే అంటారు. వెంట్రుక తెల్లబడినా చర్మం మాత్రం నల్లగానే ఉంటుంది. గులాబీ రంగు చర్మంతో తెల్లగానే పుట్టే గుర్రాల సంగతి వేరు.

ఈ నెరుపుకు కారణమైన మార్పును స్వీడన్‌లోని ఉప్సలా విశ్వవిద్యాలయానికి చెందిన లైఫ్ ఆండర్సన్ బృందం 2008లో బయటపెట్టింది. గుర్రపు 25వ క్రోమోజోమ్ మీద ఎస్‌టీఎక్స్17 అనే జన్యువు ఉంది. దాని 6వ ఇంట్రాన్‌లో, అంటే ప్రొటీన్ తయారీకి ముందే కత్తిరించి పక్కన పడేసే భాగంలో, సుమారు 4,600 అక్షరాల పొడవున్న డీఎన్ఏ ముక్క పక్కపక్కనే మళ్లీ రాసి ఉంది. ప్రపంచంలోని గ్రే గుర్రాలన్నిటిలోనూ ఆ ముక్క పరిసరాలు ఒకేలా ఉండటాన్ని బట్టి, వేల ఏళ్ల క్రితం ఏదో ఒక్క గుర్రంలో జరిగిన ఈ పొరపాటును మనుషులు ముచ్చటపడి పెంచుకుంటూ వచ్చారని అర్థమవుతుంది.

ప్రొటీన్‌లో ఒక్క అక్షరం కూడా మారకుండా కణితి ఎలా వస్తుందన్నది నన్ను ఎక్కువగా ఆకర్షించిన ప్రశ్న. పునరావృతమైన ఆ ముక్క ఒక ఎన్‌హాన్సర్. పొరుగు జన్యువులు ఎంత జోరుగా పనిచేయాలో నిర్ణయించే మీట లాంటిది. మెలనోసైట్లను నడిపించే ఎంఐటీఎఫ్ అనే ప్రొటీన్ వచ్చి కూర్చునే చోట్లు అందులో ఉన్నాయి కనుక, ఆ మీట ప్రభావం ముఖ్యంగా మెలనోసైట్లలోనే కనిపిస్తుంది. ముక్క రెట్టింపైతే మీట మీద ఒత్తిడీ పెరుగుతుంది. గ్రే గుర్రాల మెలనోమాలలో ఎస్‌టీఎక్స్17తో పాటు దాని పక్కనున్న ఎన్ఆర్4ఏ3 అనే జన్యువు కూడా అధికంగా పనిచేస్తున్నట్టు ఆ పరిశోధనలోనే కనిపించింది.

మరి ఒకే మీట వెంట్రుకను తెల్లగానూ, చర్మాన్ని నల్లని గడ్డలుగానూ ఎలా మారుస్తుంది? వెంట్రుక కుదుళ్లలో మెలనోసైట్లను పుట్టించే మూలకణాల నిల్వ పరిమితం; అతిగా ప్రేరేపించడం వల్ల ఆ నిల్వ త్వరగా ఖర్చైపోయి వెంట్రుక నెరుస్తుందని పరిశోధకుల ఊహ. తోక అడుగు, పెదవులు, కనురెప్పల వంటి చోట్ల చర్మంలోని మెలనోసైట్లకు ఆ పరిమితి లేదు, అవి విభజన చెందుతూ పోతాయి. మనుషుల్లో చర్మపు మెలనోమాకు ఎండ పెద్ద కారణం కాగా, గుర్రానికి ఎండ సోకని తోక కిందనే ఇది ఎక్కువగా రావడంలోని వింత ఇక్కడ విడిపోతుంది.

2024లో ఈ కథకు మరో మలుపు వచ్చింది. వేగంగా నెరిసే గుర్రాల్లో ఆ ముక్క మూడు ప్రతులుగా, నెమ్మదిగా నెరిసే వాటిలో రెండు ప్రతులుగా ఉన్నట్టు తేలింది. మెలనోమా బెడద ప్రధానంగా మూడు ప్రతులవాటికే. దీనికి తోడు అగౌటి జన్యువు పనిచేయని గుర్రాల్లో, అంటే పుట్టుకతో నల్లనివాటిలో, ముప్పు ఇంకా ఎక్కువ. 15 ఏళ్లు దాటిన గ్రే గుర్రాల్లో నూటికి 70 నుంచి 80 వరకు ఈ గడ్డలు ఉంటాయని పశువైద్య గ్రంథాలు చెబుతాయి. మలక్‌పేట రేసుకోర్సులో వీటిని వెతికితే బహుశా దొరకవు. పందెం గుర్రాల్లో గ్రేలు తక్కువ, అవి పరిగెత్తేదీ పడుచు వయసులోనే. బారాత్ గుర్రమే ముసలితనం దాకా పనిచేస్తుంది.

అయితే చాచా అన్న పులిపిరి మాటను పూర్తిగా కొట్టిపారేయలేను. గుర్రాల్లో అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే చర్మపు కణితి సార్కాయిడ్, దాని వెనక ఉన్నది అచ్చంగా పులిపిరి వైరసే. కాకపోతే అది ఆవులది. బోవైన్ పాపిలోమా వైరస్‌లో 1, 2 రకాలు పశువుల్లో పులిపిర్లు తెప్పిస్తాయి, వాటిలో చాలావరకు కొన్ని నెలలకు వాటంతటవే రాలిపోతాయి. అదే వైరస్ గుర్రపు చర్మంలో చేరితే కొత్త వైరస్ కణాలను సాధారణంగా తయారు చేయలేదు, కానీ ఫైబ్రోబ్లాస్ట్ కణాల్లో, అంటే చర్మానికి ఊతమిచ్చే నారను తయారుచేసే కణాల్లో, తిష్ఠ వేస్తుంది. దాని ఈ5 ప్రొటీన్‌లో ఉన్నవి కేవలం 44 అమైనో ఆమ్లాలు. ఈ బుల్లి ప్రొటీన్, కణం మీద ఉండి పెరుగుదల సంకేతాలను అందుకునే పీడీజీఎఫ్ బీటా గ్రాహకాలను జంటగా కట్టి, బయటి నుంచి ఏ సంకేతమూ రాకుండానే వాటిని మేల్కొలుపుతుంది. గాయమైనప్పుడు కణాలను పెరగమని పురమాయించే గ్రాహకం అదే కనుక, లేని గాయాన్ని మాన్పుతున్నట్టు కణజాలం పెరుగుతూ పోతుంది. రోగనిరోధక కణాలకు గుర్తుపట్టే ఆనవాళ్లు చూపించే ఎంహెచ్‌సీ-1 అణువులు కణం ఉపరితలానికి చేరకుండా ఆపడం ఈ5 చేసే రెండో పని. సార్కాయిడ్లు తరచూ పాత గాయాల దగ్గర పుట్టడం, కోసేసినా మళ్లీ రావడం చూస్తే ఈ రెండు పనులూ గుర్తుకొస్తాయి. ఈగల్లోనూ ఈ వైరస్ డీఎన్ఏ దొరికింది.

మన ఊళ్లలో పులిపిరికి గుర్రపు తోక వెంట్రుక కడితే రాలిపోతుందంటారు. మా నాయనమ్మ నా మెడ మీదొకటి అలాగే కట్టింది. గుర్రానికే ఆవు పులిపిరి అంటుకుంటుందని ఆమెకు చెబితే ఏమనేదో.

రెండు వారాల తర్వాత, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలలో ఒకసారి చూపించమని చాచాకు ఫోన్ చేశాను. చిన్నవిగా ఉన్నప్పుడు కోసి తీసేయడం సులువని, ఏళ్ల తరబడి కదలకుండా ఉన్న గడ్డలు కూడా కొన్నిసార్లు లోపలి అవయవాలకు పాకుతాయని చెప్పాను. ఆయన అంతా విని, పెళ్లిళ్ల సీజన్ అయ్యాక తీసుకెళతానని చెప్పి, తన సంతోషం పంచుకున్నారు. ఆ గుర్రానికి ఏడాది పిల్ల ఒకటి ఉందట. బొగ్గులా నల్లగా పుట్టిందని ఇంట్లో అందరూ దిగులుపడ్డారట.

“ఇప్పుడు కళ్ల చుట్టూ తెల్ల వెంట్రుకలు వస్తున్నాయి సార్, అచ్చం చత్వారం కళ్లజోడు పెట్టినట్టు. ఇంకో నాలుగేళ్లలో తల్లిలాగే పాలలా అవుతుంది” అన్నారు.

కళ్ల చుట్టూనే మొదలవుతుంది, నిజమే. “అవుతుంది చాచా” అన్నాను.