దీపం పెట్టాక స్టవ్ వెలిగించొచ్చా?

మేముండే ఇజ్రాయెల్‌లోని రెహోవోత్‌లో శుక్రవారం వచ్చిందంటే ఊరంతా హడావిడే. మధ్యాహ్నానికి చాలా దుకాణాలు మూసేస్తారు, సాయంత్రానికి బస్సులూ ఆగిపోతాయి. శుక్రవారం పొద్దుగూకే దగ్గర్నుంచి శనివారం చీకటి పడేదాకా యూదులకి షబ్బత్, అంటే పనులు మానుకునే విశ్రాంతి దినం. పొద్దు గూకక ముందే షబ్బత్ దీపాలు వెలగాలి. డిసెంబరులో అది నాలుగుంపావుకే, జూన్‌లో ఏడున్నర దాకా టైముంటుంది. కొత్తలో ఇది తెలియక, ఒక శనివారమంతా చారూ అప్పడాలతో గడిపాం.

మా ఆయన ఇక్కడి వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్‌లో పోస్ట్‌డాక్. ఐదేళ్ళ పాప 'గాన్'కి, అంటే కిండర్‌గార్టెన్‌కి వెళ్తుంది. అక్కడ ప్రతి శుక్రవారం ఒక పాపని 'ఇమా షెల్ షబ్బత్' చేస్తారు. షబ్బత్ అమ్మ అన్నమాట. ఒక బాబు షబ్బత్ నాన్న. మా దాని వంతు వచ్చిన రోజు తెల్ల గౌను వేసి పంపాను. టీచర్ కొవ్వొత్తులు వెలిగిస్తే చేతులతో కళ్ళు మూసుకుందట. జడలా అల్లిన హల్లా రొట్టె తుంచి అందరికీ పంచిందట. హల్లాలు రెండెందుకో కూడా చెప్పింది: పూర్వం వాళ్ళ పెద్దలకి ఎడారిలో 'మన్నా' అనే ఆహారం ఆకాశం నుంచి కురిసినప్పుడు శుక్రవారం రెండింతలు దొరికేదట, శనివారం ఏరుకోవడం ఉండదు కాబట్టి.

గుంటూరులో ఉన్న మా అమ్మకి ఫోన్లో చెప్తే, "శుక్రవారం పూట దీపం దగ్గర కూర్చుంది, మంచిదేగా! మన లక్ష్మీదేవికీ అదే వారం" అంది. నాకూ అలా కలిపేసుకుంటే హాయిగా అనిపించింది.

ఆ సాయంత్రం దేవుడి దగ్గర దీపం పెట్టి, పప్పుకి కుక్కర్ పెట్టబోతే పాప పరిగెత్తుకొచ్చింది.

"అమ్మా, దీపం పెట్టేశావుగా! ఇంక నిప్పు వెలిగించకూడదు."

"అది వాళ్ళకే, నాన్నా."

"మరి మనకి?"

మనకి దీపం పెట్టాకే కదా రాత్రి వంట. వాళ్ళకి ఆ దీపంతో పనులన్నీ ఆగిపోతాయి. పక్కింటావిడ గురువారం రాత్రే మొదలుపెడుతుంది. చిక్కుళ్ళు, బార్లీ, బంగాళాదుంప, మాంసం వేసిన హమీన్ శుక్రవారం పొద్దుండగానే సన్నసెగ మీదికి ఎక్కిస్తే, దించేది శనివారం మధ్యాహ్నమే. లైట్లకి టైమర్లు. రెస్టు కోసం ఆవిడ పడే హైరానా చూస్తే నాకే ఆయాసమొస్తుంది. అందరూ ఇంత నిష్ఠగా ఉండరనుకోండి. పై అంతస్తువాళ్ళు శనివారం కారేసుకుని బీచ్‌కి పోతారు.

మరుసటి శుక్రవారం పాప పోరు పడలేక దీపానికి ముందే వంట ముగించాను. ఏడింటికల్లా అన్నాలు తినేశాం. తొమ్మిదింటికి మళ్ళీ ఆకలేసి, దోసె కావాలంది.

స్టవ్ వెలిగించాను. పాప ఏమీ అనలేదు.