నంబర్ తగ్గిందన్న రోజు

"నాన్నకి నంబర్ తగ్గిందని ఫోన్ చేస్తే ఒక్క మంచి మాట అనలేదు నువ్వు. అక్కడికి వెళ్ళాక మనిషివే మారిపోయావు" అన్నాడు బాబాయి కొడుకు, నాకు వరసకి అన్నయ్య. బాబాయి పోయిన కొన్ని నెలలకి, మాటల మధ్యలో. బాబాయికి వచ్చిన క్లోమ (పాంక్రియాస్) కేన్సర్ రోగుల రక్తంలో ప్రొటీన్లు కొలిచే ల్యాబ్‌లోనే ఇక్కడ నా ఉద్యోగం. అందుకే ఆ మాట ఇంకా లోపల గుచ్చుతోంది.

ఆ నంబర్ సీఏ 19-9 అనే రక్తపరీక్షది. ప్రొటీన్ల మీద అతుక్కుని ఉండే ఒక చక్కెర గొలుసును అది కొలుస్తుంది. మామూలుగా 37 యూనిట్ల లోపు ఉండాలి. కణితి ఉంటే పెరుగుతుంది, నిజమే. కానీ పైత్యరసం నాళం మూసుకుపోయినా పెరుగుతుంది. బాబాయికి గడ్డ క్లోమం తల భాగంలో వచ్చి ఆ నాళాన్నే నొక్కింది. నాళం తెరుచుకోవడానికి స్టెంట్ అనే సన్న గొట్టం వేశారు. కామెర్లు తగ్గాయి, ఒంటిని పచ్చబరిచే బిలిరుబిన్ దిగింది, దాంతోపాటే సీఏ 19-9 సగానికి పైగా పడిపోయింది. అన్నయ్య ఫోన్ చేసింది అప్పుడే. కీమో ఇంకా మొదలే కాలేదు. అడ్డు తొలగింది కాబట్టి నంబర్ తగ్గింది, గడ్డ ఉన్నచోటే ఉంది. అంత సంతోషంగా ఉన్న గొంతుతో ఈ మాట ఎలా చెప్పను?

ఇక్కడ మా ల్యాబ్‌లో ఒక్క విలువ చూసి ఎవరూ నోరు విప్పరు. బిలిరుబిన్ ఎంత, స్కాన్‌లో ఏముంది, ముందటి శాంపిల్ ఏం చెప్పింది, అన్నీ పక్కపక్కన పెట్టాకే మాట. కొత్తలో ఈ పద్ధతి రాతిగుండెలా అనిపించేది. ఇప్పుడు దాని మీద గౌరవం ఉంది. అయినా పక్క బెంచీ మీద పనిచేసే ఆయన తండ్రికి ఇదే జబ్బని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మనవాళ్ళయితే మొదటి వారంలోనే అడిగి తెలుసుకునేవారు, భోజనాల దగ్గర కాస్త ఓదార్చేవారు. నంబర్ కోసం మనవాళ్ళు పడే ఆత్రం మనిషి కోసమేనని నేను ఇక్కడ ఎవరితోనైనా వాదిస్తాను.

"పోనీ, నేను ఏటా ఆ పరీక్ష చేయించుకోనా?" అని అడిగాడు అన్నయ్య. వద్దన్నాను, దానికీ కోపం వచ్చింది. లక్షణాలేమీ లేనివాళ్ళలో ఈ జబ్బు చాలా అరుదు. అలాంటి లక్షమందికి ఈ పరీక్ష చేస్తే, పదిమంది రోగులు దొరికే లోపు వేలమంది ఆరోగ్యవంతులు ఉత్త పుణ్యానికి టెన్షన్ పడి, స్కాన్ల చుట్టూ తిరుగుతారు. ఇంకో చిక్కు ఏమిటంటే, నూటికి ఐదు నుంచి పదిమంది శరీరాలు ఆ చక్కెర గొలుసును అసలు తయారే చేయలేవు. వాళ్ళకి కేన్సర్ ముదిరినా నంబర్ పెద్దగా కదలదు. రోగం తేలాక మాత్రం ఇది మంచి తోడు. ఆపరేషన్ తర్వాత ఎంత పడింది, మళ్ళీ ఎప్పుడు పెరగడం మొదలైంది అనేది ఒక్కోసారి స్కాన్ కంటే ముందే చెబుతుంది.

2017లో థ్రాంబోస్పాండిన్-2 అనే ప్రొటీన్‌ని సీఏ 19-9తో కలిపి చూస్తే జబ్బును ఇంకా బాగా పట్టవచ్చని ఒక అధ్యయనంలో తేలింది. మేమూ అలాంటి జోడీల కోసమే వెతుకుతున్నాం. ఆ జోడీలకి అసలు పరీక్ష పెట్టాల్సింది కేన్సర్ లేకుండా కామెర్లు, పాత క్లోమవాపు ఉన్నవాళ్ళ రక్తంతో పోల్చే. పూర్తి ఆరోగ్యవంతులతో పోలిస్తే దాదాపు ప్రతి ప్రొటీనూ గొప్పగానే కనిపిస్తుంది.

అన్నయ్యకి నేను చెప్పింది వేరే పరీక్ష. ఈ కేన్సర్ ముప్పు పెంచే బీఆర్‌సీఏ2 లాంటి జన్యుమార్పు వంశంలో ఉందేమో చూడమన్నాను. ఉంటే ఎంఆర్ఐ, ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ (నోటి ద్వారా గొట్టం పంపి లోపలి నుంచి చేసే స్కాన్)లతో క్రమం తప్పకుండా గమనిస్తారు. బాబాయికి ఆ పరీక్ష చేయలేదు కాబట్టి ఇప్పుడు కొడుకే చేయించుకోవాలి. డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకున్నాడో లేదో రేపు మళ్ళీ అడుగుతాను.