పాపకి విటమిన్ కె సూది: "వేసే ఉంటారు" అన్న మాటతో రెండు రోజులు

మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, కాస్త ముందుకెళ్తే పాతపట్నం, ఆంధ్రా. పాప ఇక్కడే ఓ చిన్న నర్సింగ్ హోమ్‌లో పుట్టింది, నార్మల్ డెలివరీ, బరువు 2.8 కిలోలు, మూడో రోజుకి ఇంటికొచ్చేశాం. ఎనిమిదో రోజు బొడ్డు ఊడి గుడ్డ మీద రెండు చుక్కల రక్తం కనబడింది. "బొడ్డు ఊడితే ఆ మాత్రం ఉంటుందమ్మా" అన్నారు అత్తయ్య. ఆవిడ అన్నది నిజమే, కానీ నాకు మనసు ఆగక విశాఖలో స్టాఫ్ నర్సుగా ఉన్న మా పెద్దమ్మ కూతురికి ఫోటో పంపాను. తను వెంటనే ఫోన్ చేసి అడిగింది ఒకటే. "విటమిన్ కె వేశారా?"

నాకేం తెలుసు! ఏవో రెండు సూదులు పొడిచారు, నోట్లో చుక్కలు వేశారు. "ఎడం భుజానికి వేసింది బీసీజీ, తొడకి వేసింది హెపటైటిస్ బి అయ్యుంటుంది, చుక్కలు పోలియోవి. విటమిన్ కె టీకా కాదే, అది వేరే సూది, డిశ్చార్జ్ కాగితం చూడు" అంది. చూశాను. టీకాలు మూడూ రాసి ఉన్నాయి, విటమిన్ కె అన్న మాటే లేదు.

అక్క చెప్పిందేమిటంటే, రక్తం గడ్డకట్టడానికి ఈ విటమిన్ కావాలట, కడుపులో ఉన్నప్పుడు తల్లి నుంచి బిడ్డకి చేరేది బాగా తక్కువ, తల్లిపాలలోనూ తక్కువే. అందుకని కొందరు పిల్లలకి మొదటి వారంలో బొడ్డు దగ్గరో ముక్కు నుంచో రక్తం కారుతుంది, ఇంకొందరికి రెండో వారం నుంచి ఆరు నెలల లోపు ఎప్పుడైనా, అదీ చాలాసార్లు మెదడులోనే. ఇలా జరిగేది అరుదే, కానీ జరిగితే ప్రాణం మీదకొస్తుంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పొద్దున్నే నర్సింగ్ హోమ్‌కి ఫోన్ చేస్తే రిసెప్షన్ అమ్మాయి "దెయిథిబే" అంది, అంటే వేసే ఉంటారు అని. ఎవరు వేశారు, ఎప్పుడు? తెలీదు. మా ఆయన స్కూటర్ మీద వెళ్లి లేబర్ రూమ్ రిజిస్టర్ తీయించారు. పుట్టిన టైము, బరువు అన్నీ ఉన్నాయి, విటమిన్ కె గడి మాత్రం ఖాళీ. పాప పుట్టిన రాత్రి డ్యూటీలో ఉన్న సిస్టర్ సెలవులో ఉందట. ఆసుపత్రుల్లో పుట్టే ప్రతి బిడ్డకీ ఇది వేయాలని 2014లోనే కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాలు ఇచ్చింది, ఇక్కడేమో గడి నింపే తీరిక లేదు.

మర్నాడు పిల్లల డాక్టర్ దగ్గరికెళ్లాం. ఈలోపు మా ఆయన ఫోన్‌లో చదివి భయపడ్డారు, 1990ల మొదట్లో బ్రిటన్‌లో ఒక అధ్యయనం ఈ సూదికీ పిల్లల క్యాన్సర్‌కీ లంకె ఉండొచ్చని అందట. అదే అడిగితే, తర్వాత చేసిన పెద్ద అధ్యయనాల్లో ఆ లంకె నిలబడలేదని డాక్టర్ గారు చెప్పారు. "పొడవకుండా చుక్కలు వేయొచ్చా సార్?" అన్నాను నేను. కొన్ని దేశాల్లో వేస్తారట, కానీ ఒక్కసారితో అయిపోదు, పుట్టగానే, వారంలోపు, నెలకి, ఇలా మూడు సార్లు. బిడ్డ కక్కేస్తే మళ్లీ వేయాలి. పైగా ఇది కొవ్వులో కరిగే విటమిన్, కాలేయం జబ్బుండి పైత్యరసం సరిగా రాని పిల్లలకి నోటి ద్వారా ఒంటికి పట్టదు, ఆ జబ్బు ఉన్నట్టు ముందే తెలియకపోవచ్చు కూడా. నెలలు నిండని పిల్లలకి, తల్లి ఫిట్స్ మందులో టీబీ మందులో వాడుతున్నప్పుడు కూడా సూదే మంచిదట. రెండో డోసు గుర్తుంటుందా అని ఆయన అడిగితే నేను మా ఆయన వైపు చూశాను, ఆయన పంకా వైపు చూశారు.

అత్తయ్య ఊరుకోలేదు, "బాలింతకి మునగాకు, తోటకూర పెడితే పాలలోకి రాదా బాబూ?" అన్నారు. ఆకుకూరలు తల్లికి మంచివే గానీ బిడ్డకి కావలసినంత పాలలోకి రాదట. డబ్బా పాలలో ఈ విటమిన్ కలుపుతారు, అలాగని దీనికోసం తల్లిపాలు మానొద్దని గట్టిగా చెప్పారు.

నాకున్న చివరి అనుమానం, ఒకవేళ పుట్టినప్పుడు నిజంగానే వేసేసి ఉంటే? "రెండోసారి పడితే భయం లేదమ్మా, అసలు పడకపోతేనే." తొడకి ఒక మిల్లీగ్రాము. కిలో కంటే తక్కువ బరువుతో పుట్టిన వాళ్లకైతే అందులో సగమట. పాప అర నిమిషం ఏడ్చింది, నేను ఇంకాసేపు.

కార్డు మీద తేదీతో రాయించుకునే బయటికొచ్చాం. కామెర్లు రెండు వారాలు దాటినా తగ్గకపోయినా, దొడ్డికి తెల్లగా పాలిపోయినట్టు వెళ్లినా, ఒంటి మీద కమిలిన మచ్చలొచ్చినా, పాలు తాగకుండా మగతగా పడుకున్నా వెంటనే తీసుకురమ్మన్నారు. పాపకున్న కాస్త కామెర్ల పసుపు పద్నాలుగో రోజు ఆశా దీదీ వచ్చేసరికి పోయింది.

నెల తర్వాత బర్త్ సర్టిఫికెట్ పని మీద మా ఆయన మళ్లీ ఆ నర్సింగ్ హోమ్‌కి వెళ్లారు. పాప పుట్టిన రాత్రి డ్యూటీలో ఉన్న ఆ సిస్టర్ కనబడితే అడిగారట. ఆమె రిజిస్టర్ తిరగేసి, ఖాళీ గడి చూసి, తల గోక్కుని, "వేసే ఉంటాం సార్" అందట.